ఆవుకు అయిదో అర

పశువైద్య పుస్తకాలు మార్చాల్సిన టైమొచ్చింది. ఆవు పొట్టకు నాలుగే అరలని వాటిలో రాసి ఉంది: రూమెన్, రెటిక్యులమ్, ఒమేసమ్, అబొమేసమ్. మామునూరు వెటర్నరీ కాలేజీ పిల్లలు ఇప్పటికీ అదే బట్టీ కొడుతున్నారు, పాపం. హన్మకొండ జనం అయిదో అరను ఎప్పుడో కనిపెట్టారు. ముడేసిన పాలిథిన్ కవర్ అరిగేది అందులోనే.

ఈ పరిశోధన శుక్రవారం పొద్దున జరుగుతుంది. స్కూటీ దిగరు, ఇంజన్ ఆపరు. రాత్రి మిగిలిన బగారన్నాన్ని కవర్‌తో సహా ఆవు ముందు పడేస్తారు. ముడి విప్పితే చేతికి జిడ్డంటదూ? ఆవు నాలుక చాపేలోపు తోక తాకి కళ్లకద్దుకుంటారు. అది తోక విదిలిస్తే మళ్లీ తాకుతారు, పుణ్యం లెక్క తప్పొద్దు కదా. "ముడి విప్పి పెట్టరాదమ్మా" అంటే ఒకావిడ, "గోమాత సార్, అదే చూసుకుంటది" అన్నది. వెనక కూసున్న పిలగానికి మాత్రం అరటిపండు తొక్క తీసి, నారలు కూడా పీకి చేతికిచ్చింది.

గోమాత చూసుకోదు. దానికి పైదవడ ముందుపళ్లే లేవు. మేకలాగా పెదవులతో ఏరుకోదు. నాలుకతో చుట్టి మింగేసి, తీరిగ్గా నెమరేస్తుంది. కోడికి కందనకాయలో నూరడానికి రాళ్లున్నాయి, కుక్క పడనిది కక్కేస్తుంది. ఆవు రూమెన్‌లో వంద లీటర్లకు పైనే పడుతుంది, అందులోని సూక్ష్మజీవులు గడ్డి పీచును పులియబెడతాయి. పాలిథిన్ జోలికి పోవు. కవర్లు ముందుకు పోక, నెమరుకు రాక, ఉండలు కట్టి అక్కడే కూర్చుంటాయి. చెత్తతో పోయిన మేకు రెటిక్యులమ్‌లో దిగి, ముందున్న గుండె దాకా గుచ్చుకోవచ్చు. ఇక ఫంక్షన్‌హాలు వెనక అన్నం ఒక్కసారే పీకల దాకా తింటే రూమెన్‌లో యాసిడ్ పెరిగి ప్రాణం మీదికొస్తుంది.

120 మైక్రాన్లలోపు మందమున్న పల్చటి ప్లాస్టిక్ క్యారీబ్యాగులపై 2022 డిసెంబర్ 31 నుంచి నిషేధముంది. మైక్రాన్లు కొలిచే పని కూడా ఆవు నాలుకకే వదిలినట్టున్నారు.

ఎడమ డొక్క కోసి, మోచేయి దాటేదాకా చెయ్యి పెట్టి, కంపుకొట్టే కవర్లు కిలోల కొద్దీ లాగుతారు డాక్టర్లు. అదీ అదృష్టముంటేనే. లేదంటే పొట్ట నిండుగానే ఉంటుంది, ఆవు ఆకలితో చస్తుంది. బొట్టు పెట్టి, దండం పెట్టి చంపుతున్నారు! ముడి విప్పడానికి ఎంతసేపు పడుతుందయ్యా? సిగ్గుండాలి.

పాలు పిండుకుని రోడ్డు మీదికి తోలే యజమాని సంగతి నేనింకా ఎత్తనే లేదు. సాయంత్రం చెంబు పట్టుకుని ఠంచనుగా వస్తాడు.