పదును కత్తికే కాదు, చెలకకూ ఉంది

మన సంఘం తెలుగు తరగతుల్లో పిల్లలకు తడి గురించి చెప్పాలంటే ‘తేమ’ అంటున్నాం. ‘పదును’ అనగానే కత్తి బొమ్మ చూపిస్తున్నాం. పాలమూరు, నల్లగొండ నుంచి వచ్చినవాళ్లమైనా ఈ పాఠాన్ని ఇలా వదిలేయకూడదు. మా దిక్కు పదును అంటే ముందు నేల తడే. రాత్రి వాన పడితే తెల్లారి ఊళ్లో మొదటి ప్రశ్న, ‘పదునైందా?’

ఎంత వాన కురిసిందని కాదు, నేలలోకి ఎంత దిగిందన్నదే లెక్క. రైతు చెలకలోకి, అంటే వాన మీదే పండే మెట్టచేలోకి పోయి, పైమట్టి గీకి, కింది నుంచి పిడికెడు మట్టి తీసి నొక్కి చూస్తాడు. ముద్దకట్టి, వేలితో తాకగానే విడిపోతే పదును కుదిరినట్టే. చేతికి అంటుకుంటే ఆగాలి. ముద్దే కట్టకపోతే ఇంకో వాన కోసం మొగులు చూడాల్సిందే. నల్లరేగడి ఆ తడిని కొన్నాళ్లు పట్టి ఉంచుతుంది. ఎర్ర చెలక అట్లా కాదు, గట్టిగా ఎండ కాస్తే రెండు మూడు రోజుల్లో ఆరిపోతుంది. అందుకే ‘పదును ఆరకముందే గొర్రు (విత్తనం వేసే పనిముట్టు) కట్టాలె’ అని ఇంటిల్లిపాదీ ఉరుకులు పరుగులు. ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వాన పడే పాలమూరులో ఆముదాలు మొలిచినా, కందులు మొలిచినా ఆ కాస్త వ్యవధిలో విత్తనం పడితేనే.

మరి కత్తికి ఈ మాట ఎట్లా వచ్చింది? నారాయణపేట దాటి రాయచూరు వైపు పోతే కన్నడంలో ‘హద’ అంటారు, తమిళంలో ‘పదం’. పనికి సరిగ్గా కుదిరిన స్థితి అని. నేల విత్తనానికి కుదరాలి, ఇనుము కోతకు కుదరాలి. కొలిమిలో కాల్చిన కొడవలిని కమ్మరి నీళ్లలో ముంచేదీ అందుకే. బ్రౌన్ నిఘంటువులోనూ ఈ మాటకు కత్తి వాడి, తడి రెండూ ఉన్నాయి.

తడికే ఉన్న ఇంకో మాట ‘నెమ్ము’ కూడా చెప్పాలి. గోడకు పడితే చెమ్మ, పసిపిల్లల ఛాతీకి చేరితే జబ్బు.

వాచకం మళ్లీ అచ్చువేసేటప్పుడు ‘పదును’ పక్కన దున్నిన చెలక బొమ్మ కూడా వేయాలని కమిటీని కోరుతున్నాను. వేసవి సెలవుల్లో ఊరికి పోయేవాళ్లు జూన్ రెండో వారం, అంటే మృగశిర కార్తె దాకా ఉండగలిగితే, పిల్లలను చెలకలోకి తీసుకుపోండి. పదునైందో లేదో తాతనో పెదనాయననో వాళ్లనే అడగనివ్వండి.