కాలదోషం పట్టిన చదువు అప్పు

ప్రోనోటు ఆయుష్షు మూడేళ్లని ఊళ్లలో చదువురానివాళ్లకూ తెలుసు. గడువు దగ్గర పడుతోందంటే అప్పిచ్చినాయన వచ్చి నోటు తిరగరాయించుకుంటాడు. లేదంటే వెయ్యో రెండువేలో కట్టించుకుని, నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటాడు. అదే ఇంట్లో పిల్లవాడి ఇంజినీరింగ్ కోసం తెచ్చిన విద్యారుణం దగ్గరికి వచ్చేసరికి, బ్యాంకు బాకీకి గడువే ఉండదని అందరూ అనుకుంటారు. గడువు ఉంది. దావా వేయడానికి గడువు పెట్టే 1963 నాటి లిమిటేషన్ చట్టం వడ్డీ వ్యాపారికీ బ్యాంకుకూ ఒకటే. బాకీ ఇరవై లక్షలకు లోపలుండి దావా సివిల్ కోర్టుకు వెళ్లినా, అంతకు మించి రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లినా, తనఖా లేని అప్పుకు మూడేళ్లే.

ఆ మూడేళ్లను అప్పు తీసుకున్న రోజు నుంచి లెక్కపెట్టరు. చదువు సాగినంత కాలం, ఆపై సాధారణంగా ఒక ఏడాది, కిస్తీలు ఉండవు. ఆ తర్వాత కట్టని ప్రతి కిస్తీకీ దాని తేదీ నుంచి విడిగా లెక్క నడుస్తుంది. ఒక్క కిస్తీ తప్పినా మొత్తం బాకీ ఒకేసారి కట్టాలన్న షరతు పత్రంలో ఉంటే, బ్యాంకు దాన్ని వదులుకోనంతవరకు, తప్పిన రోజు నుంచే మొత్తానికీ లెక్క మొదలవుతుంది. ఆ షరతును వాడుకోవడం బ్యాంకు ఇష్టానికి వదిలినట్టు రాసి ఉంటే మొత్తం బాకీ కట్టమని బ్యాంకు పంపే రీకాల్ నోటీసు తేదీ కీలకం. కొవిడ్ కాలాన్నీ మరవకూడదు. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు గడిచిన రోజులను సుప్రీంకోర్టు లెక్కలోంచి తీసేసింది. 2018 జనవరి 10న మొత్తం బాకీ డ్యూ అయిందనుకుంటే, దావాకు 2021 జనవరితో తీరాల్సిన గడువు 2022 డిసెంబరు చివరిదాకా సాగింది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. గడువు తీరకముందే బాకీ ఉన్నమాట నిజమని రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. అది లిమిటేషన్ చట్టం సెక్షన్ 18. దీనికోసం తీసుకునే కాగితాన్ని బ్యాంకుల్లో రివైవల్ లెటర్ అంటారు. ఒక పేజీ అచ్చు కాగితం, అందులో పేరు, ఖాతా నంబరు, బాకీ మొత్తం, తేదీ నింపడానికి ఖాళీలు, కింద సంతకానికి చోటు. తేదీ ఖాళీగా వదిలి పెట్టిన సంతకమే అన్నిటికన్నా ప్రమాదకరం. తేదీ లేని పత్రంపై సంతకం ఎప్పుడు పడిందో నోటి సాక్ష్యంతో నిరూపించుకునే వీలు చట్టంలోనే ఉంది. గడువులోపల కొంత సొమ్ము కట్టినా, కట్టినట్టు తెలిపే చేతిరాతో సంతకమో ఉంటే, సెక్షన్ 19 ప్రకారం లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అయితే కలిసి అప్పు తీసుకున్నవాళ్లలో ఒకరు పెట్టిన సంతకం రెండోవారిని కట్టిపడేయదు. ఊళ్లో తండ్రి చేత రాయించుకున్న కాగితం, దాన్నిబట్టి మాత్రమే, బెంగళూరులో ఉన్న కొడుకు మీద పనిచేయదు. సెక్షన్ 20 చెప్పే ఈ సంగతి తెలిసిన కుటుంబాలు చాలా తక్కువ.

గడువు తీరిపోతే, అంటే కాలదోషం పడితే, అప్పు రద్దయినట్టు కాదు, కోర్టుకెక్కే దారి మూసుకుపోయినట్టు. బాకీ బాకీగానే ఉంటుంది, అప్పుల చరిత్ర చూపే సిబిల్ రికార్డులో మచ్చ ఉంటుంది, బ్యాంకు అడగవచ్చు కూడా. రికవరీ ఏజెంట్లు మాత్రం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. కాలదోషం పట్టిన బాకీని భూమిశిస్తు బకాయిలా వసూలు చేసే రెవెన్యూ రికవరీ చట్టం కింద గుంజడం కుదరదని 1999లో కేరళ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. గడువు దాటాక పెట్టే సంతకం ఇంకో రకంగా చుట్టుకుంటుంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25 ప్రకారం, చెల్లిస్తానని రాసి సంతకం పెడితే అది కొత్త ఒప్పందమే. బాకీని ఒకేసారి రాజీతో తేల్చుకునే వన్ టైమ్ సెటిల్‌మెంట్ దరఖాస్తులో ‘మొత్తం బాకీ చెల్లిస్తాను’ అన్న ఒక్క వాక్యం చచ్చిన అప్పును లేపి కూర్చోబెడుతుంది. లోక్ అదాలత్‌లో రాజీకి సంతకం పెడితే ఆ అవార్డు (రాజీ తీర్పు) కోర్టు డిక్రీతో సమానం, దాని అమలుకు పన్నెండేళ్లు. రాజీ లాభదాయకమైతే పడవచ్చు, కానీ లెక్క తెలిసి పడాలి.

కోర్టు సమన్లను మాత్రం ఎవరూ పక్కన పడేయొద్దు. కాలదోషం పట్టిన దావాను ప్రతివాది అడగకపోయినా కొట్టేయాలని లిమిటేషన్ చట్టం సెక్షన్ 3 చెబుతోంది నిజమే. కానీ బ్యాంకు ఒక రివైవల్ లెటర్ జతచేసి, ప్రతివాది హాజరుకాకపోతే, ఆ సంతకం నాది కాదనో, ఆ తేదీ తర్వాత రాసుకున్నదనో చెప్పేవారెవరు? జవాబు దాఖలుకు 30 రోజులు, కోర్టు అనుమతిస్తే 90.

ఇల్లు తనఖా పెట్టినవారి సంగతి వేరు. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి బ్యాంకులు మామూలుగా ఆస్తి హామీ అడుగుతాయి. అమెరికా వెళ్లే మన పిల్లల్లో చాలామంది కోసం ఇక్కడి ఇళ్లే తనఖా పడుతున్నాయి. తనఖా దావాకు మూడేళ్లు కాదు, పన్నెండేళ్లు. పైగా సర్ఫేసీ చట్టం కింద కోర్టుకు వెళ్లకుండానే ఇంటిని వేలం వేసే అధికారం బ్యాంకుకు ఉంది. ఈ తేడా తెలియక ‘మూడేళ్లు దాటిపోయాయిగా’ అని ధీమాగా కూర్చుంటే ఇల్లే పోతుంది.

బ్యాంకు సొమ్ము డిపాజిటర్లది. తీర్చగలిగీ ఎగ్గొట్టేవారిని మేము సమర్థించం. అయితే దావా వేయడానికి మూడేళ్లు చాలకపోవడం బ్యాంకు అలసత్వం తప్ప విద్యార్థి నేరం కాదు. అమెరికాలో ఫెడరల్ విద్యారుణాల వసూలుకు కాలపరిమితినే 1991లో ఎత్తేశారు. ఆ దారి మనకొద్దు. అయితే ఇతర అప్పుల విషయంలో, కాలదోషం పట్టిన బాకీపై దావా వేస్తామని వసూలు ఏజెన్సీలు బెదిరించకూడదన్న నిబంధనను అక్కడ 2021లో అమల్లోకి తెచ్చారు. అది మనకు కావాలి. విద్యారుణంపై పంపే ప్రతి నోటీసులో మొదటి కిస్తీ తప్పిన తేదీ, చివరిగా బాకీ ఒప్పుకున్న సంతకం తేదీ, దావా గడువు తీరే తేదీ తెలుగులో ఉండేలా రిజర్వు బ్యాంకు ఆదేశించాలి. గడువు దాటిన ఖాతాకు సెటిల్‌మెంట్ ప్రతిపాదిస్తే, సంతకంతో అప్పు మళ్లీ దావాకు తగినదవుతుందన్న హెచ్చరిక అదే కాగితంపై ఉండాలి. తేదీ లేని రివైవల్ లెటర్లు తీసుకున్న సిబ్బందిపై చర్య ఉండాలి. అంతవరకు, పత్రంపై సంతకం అడిగినవారిని ముందు ఖాతా స్టేట్‌మెంట్, రుణపత్రం నకలు ఇమ్మని అడగండి. అవి చేతికొచ్చాకే కలం తీయండి.