మొక్కిన చెట్టుకు మొక్క బదులవుతుందా?

మల్కాజ్‌గిరిలో మేముండే వీధి మలుపులో రావి, వేప పెనవేసుకుని పెరిగిన జంట చెట్టు ఉండేది. రోడ్డు వెడల్పు పనుల్లో దాన్ని తీసేశారు. రంపాలతో వచ్చిన కూలీల్లో పెద్దాయన ముందుగా చెప్పులు విడిచి, మొదట్లో పసుపు కుంకుమ చల్లి, కొబ్బరికాయ కొట్టి దండం పెట్టాడు. "తప్పు కాయమ్మా, పొట్టకోసం చేస్తున్న" అని చెప్పుకున్న తర్వాతే రంపం చేతికి తీసుకున్నాడు. అనుమతి కాగితంలో మాత్రం ఆ జంట రెండు వరుసల్లో ఉంది: జాతి, చుట్టుకొలత, బదులుగా నాటవలసిన మొక్కల సంఖ్య. పెద్దాయన దండం పెట్టిన చెట్టు ఆ కాగితంలో ఎక్కడా లేదు.

చెట్టుతో మనుషులకున్న బంధాన్ని మన నగర పాలన సెంటిమెంటు అనే మాటతో పక్కన పెట్టేస్తుంది. చెట్లను కాపాడే చట్టాలు రాకముందు వందల ఏళ్ల పాటు వాటిని నిలబెట్టింది ఆ బంధమేనని, దాన్ని లెక్కలోకి తీసుకోని పచ్చదనం పథకం ఏదైనా సగం పనే చేస్తుందని నా నమ్మకం.

హైదరాబాద్ పేర్లు చదివితేనే ఈ బంధం ఎంత పాతదో తెలుస్తుంది. చింతల్, చింతల్‌కుంట, చింతల్‌బస్తీ అని తెలుగులో తలచుకున్న చెట్టునే ఉర్దూలో ఇమ్లీబన్ అన్నారు. చింతతోపు అని అర్థమిచ్చే ఆ పేరున్న చోట ఇప్పుడు జిల్లాల బస్సులు ఆగుతాయి. జామ్‌బాగ్, సీతాఫల్‌మండి సరేసరి. గోల్కొండ నయా కిల్లాలో ఆఫ్రికా నుంచి వచ్చి నాలుగు వందల ఏళ్లకు పైగా ఇక్కడే వేళ్లూనుకున్న బావోబాబ్ చెట్టు ఉంది. దాదాపు 27 మీటర్ల చుట్టుకొలత గల ఆ మానును జనం హతియాన్ కా ఝాడ్, అంటే ఏనుగుల చెట్టు అని పిలుచుకున్నారు. ముడతలు పడిన ఆ బూడిదరంగు బెరడును దగ్గర నుంచి చూసినవారికి ఆ పేరు ఎందుకని అడగాలనిపించదు. పరాయి చెట్టుకు ఇంటిపేరు పెట్టి కలుపుకోవడం ఈ ఊరి స్వభావం.

పేరు కన్నా గట్టి బంధం అఫ్జల్‌గంజ్‌లో ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు 15 వేల మంది దాకా చనిపోయారని చెబుతారు. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు కొమ్మలు పట్టుకుని ఆనాడు సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. వరదకు ప్రభుత్వం ఇచ్చిన జవాబు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు, అవి గొప్ప పనులే. అయినా ఏటా ఆ తేదీన వరదను తలచుకునేవారు చేరేది ఆ చింత కిందే. దానికి గుడి కట్టలేదు, దారాలు కట్టలేదు. ప్రాణం నిలిపిందన్న కృతజ్ఞత ఒక్కటే దాన్ని శతాబ్దం దాటించింది. ఆధ్యాత్మికత అంటే పూజా సామగ్రి మాత్రమే అనుకునేవారు ఒకసారి ఆ చెట్టు నీడలో నిలబడి రావాలి.

పూజలోనూ చెట్టు మనకు విగ్రహం కన్నా ముందుది. అమరావతి స్తూప శిల్పాల్లో చాలాచోట్ల బుద్ధుడు మనిషి రూపంలో కనిపించడు. బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ చేతులు జోడించిన జనం ఉంటారు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కింద ఒక ముస్లిం పీరు సమాధి ఉంది. ఆషాఢంలో బోనం కుండకు కట్టే వేపమండలు, పోతరాజు నడుముకు చుట్టుకునే వేపాకులు, బతుకమ్మలో తంగేడు, గునుగు, కార్తీకంలో ఉసిరి కింద వనభోజనం గురించి తెలుగు పాఠకులకు విడమర్చి చెప్పక్కర్లేదు.

జమ్మి గురించి మాత్రం చెప్పాలి. దసరా సాయంత్రం తెల్లకాగితం మీద "శమీ శమయతే పాపం" అని శ్లోకం రాసి, కింద ఇంటిల్లిపాది పేర్లు రాసి, మడిచి కొమ్మల సందున పెడతాం. అజ్ఞాతవాసానికి వెళ్తూ పాండవులు ఆయుధాలు దాచిన చెట్టని చిన్నప్పుడు చెప్పిన కథ అప్పుడు గుర్తుకొస్తుంది. చింతాకు కన్నా చిన్నవైన ఆ ఆకులు తుంచబోతే వేలికి ముల్లు గుచ్చుకుంటుంది. ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం, తోటివారిని అలాయ్ బలాయ్ అని గుండెకు హత్తుకుంటాం. ఏడాదంతా మాట్లాడుకోని అన్నదమ్ములు ఆ ఆకు సాకుతో కలవడం నేను మా ఇంట్లోనే చూశాను. ఎండిన నేలల్లో లోతుకు వేళ్లు దించి బతుకుతూ, నేలకు సారమిచ్చి, పశువులకు మేతయ్యే ఈ చెట్టును తెలంగాణ తన రాష్ట్ర వృక్షంగా ఎంచుకుంది. రాజస్థాన్‌లో దీన్నే ఖేజ్రీ అంటారు. 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజడ్లీ గ్రామంలో రాజు మనుషులు ఈ చెట్లను నరకడానికి వస్తే అమృతాదేవి మొదలుకొని బిష్ణోయీ సంప్రదాయానికి చెందిన 363 మంది చెట్లను కౌగిలించుకుని ప్రాణాలిచ్చారు. మనం దసరాకు చేతులు మారుస్తున్న ఆకు ఆ చెట్టుదే.

అందుకే నగరంలో ఇప్పుడు జరుగుతున్నది నన్ను బాధిస్తోంది. ఊరి పొలిమేరలో ఒక జమ్మి ఉండేది, ఊరంతా కలిసి డప్పులతో దాని దగ్గరికి నడిచేది. అపార్టుమెంట్లలో మాత్రం పండుగ ముందురోజు ఎక్కడో నరికిన కొమ్మను ఆటోలో తెచ్చి, పార్కింగ్‌లో ఇసుక బకెట్లో నిలబెట్టి దానికే చీటీలు కడుతున్నాం. మనం జమ్మి దగ్గరికి వెళ్లే పండుగ కాస్తా జమ్మిని నరికి మన దగ్గరికి తెప్పించుకునే పండుగగా మారిపోయింది. భక్తి ఉన్నచోట రక్షణ ఉంటుందన్న నమ్మకం ఇక్కడ తలకిందులవుతోంది.

భక్తులే చెట్టుకు చేస్తున్న హాని ఇదొక్కటే కాదు. రావిచెట్టు మొదలు చుట్టూ ఖాళీ లేకుండా సిమెంటు గద్దె పోస్తే వేళ్లకు నీరూ గాలీ అందవు. దేవుడి పటాలకని మేకులు కొడతారు. కాండానికి ఆనించి దీపాలు పెడితే బెరడు కింద ఆహారాన్ని మోసే సజీవమైన పొర కాలిపోతుంది, ఏళ్ల తరబడి అదే చోట కాలితే ఆ వైపు మాను ఎండిపోతుంది. గద్దె చిన్న గుడి అవుతుంది, గుడికి స్లాబు వస్తుంది, చివరికి కొమ్మలు అడ్డమని చెట్టునే కొట్టేస్తారు. గద్దెకూ కాండానికీ మధ్య రెండడుగుల మట్టి వదిలి, దీపాన్ని దూరంగా పెడితే పూజకు వచ్చే లోటేమీ లేదు. ఈ మాట అధికారుల కన్నా అర్చకులు, కాలనీ పెద్దలు చెబితేనే జనం వింటారు.

పాలకుల వైపు తప్పు ఇంకా పెద్దది. 2015లో మొదలైన హరితహారం కోట్ల మొక్కలు నాటించింది. 2021లో హైదరాబాద్‌కు ప్రపంచ వృక్ష నగరమన్న గుర్తింపూ దక్కింది. ఆ కృషిని నేను తక్కువ చేయను. అయితే త్వరగా పచ్చగా కనబడాలన్న తొందరలో డివైడర్ల పొడవునా కోనోకార్పస్ అనే విదేశీ మొక్కను నాటారు, తర్వాత దాన్ని నాటవద్దని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. కోనోకార్పస్ కింద ఎవరూ ముడుపు కట్టరు, దాని ఆకుతో ఏ పండుగా లేదు, అది ఎండిపోతే ఏ ఇంట్లోనూ ఎవరూ గమనించరు. గమనించే మనుషులు లేని మొక్క బతకడం కష్టమన్నది ఎండాకాలంలో ఏ డివైడర్‌ను చూసినా తెలిసిపోతుంది.

హైదరాబాద్ పక్కనున్న చేవెళ్ల మర్రుల కథ ఇందుకు భిన్నమైనది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల బీజాపూర్ రహదారి పొడవునా దాదాపు 900 మర్రిచెట్లు ఉన్నాయి. ఆ ఇరుకు దారిలో ఘోర ప్రమాదాలు జరిగాయి, కాబట్టి రోడ్డు వెడల్పు కోరేవారి బాధను చెట్ల ప్రేమికులు తేలిగ్గా తీసుకోకూడదు. అయినా పౌరులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి పట్టుబట్టడం వల్లనే చాలా మర్రులను ఉన్నచోటే ఉంచేలా ప్రణాళిక మారింది. మిగిలినవాటిని వేళ్లతో సహా తరలిస్తామన్నారు. మర్రి, రావి జాతులు తరలింపును బాగానే తట్టుకుంటాయి, చింత, వేపలకు అది కష్టం. తట్టుకుని బతికినా సరే, ఆ మర్రి కింద కూరగాయల గంపలు దించుకునే రైతులు, బస్సు కోసం నిలబడే పిల్లలు దానితో పాటు తరలిపోరు. చెట్టు బతుకుతుంది గానీ దాని బంధుత్వం తెగిపోతుంది.

ఈ బంధుత్వానికి మతమే ఉండాలని లేదు. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో యంత్రాలు దిగినప్పుడు అడ్డం నిలబడ్డ హైదరాబాద్ విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో చాలామందికి ఆ పొదలు రోజూ నడిచిన దారి, నెమళ్ల అరుపు విన్న చోటు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. నడకతో ఏర్పడిన చనువు కూడా మొక్కుతో సమానమేనని ఆ రోజుల్లో అనిపించింది.

చెట్టు కొట్టాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. ఆ అనుమతి దరఖాస్తులో జాతి, చుట్టుకొలతలతో పాటు ఈ చెట్టుతో ఎవరికి ఏం సంబంధం ఉందో రాసే గడి ఒకటి ఉండాలి. పదిహేను రోజుల ముందు తెలుగులో, ఉర్దూలో రాసిన నోటీసును ఆ చెట్టుకే తాడుతో కట్టాలి. విచారణ ఆఫీసులో కాకుండా చెట్టు కిందే జరగాలి. అప్పుడు కూడా కొన్ని చెట్లు పోక తప్పదు, కానీ అవి ఎవరివో తెలిసి పోతాయి. మా వీధి మలుపులో అలాంటి కాగితం కట్టి ఉంటే ముందుగా వచ్చేది అమావాస్య సోమవారం నాడు ప్రదక్షిణలు చేసే ఆడవాళ్లు, వేపనీడన పదేళ్లకు పైగా ఇస్త్రీ బండి నడిపినతను, బడి వదిలాక ఆ గద్దె మీదే హోంవర్క్ రాసుకునే అతని కూతురు.