కోడ్ పడగానే సెన్సార్ మార్చేయమంటున్న ఆ మెసేజ్ గురించి

జేసీబీ, ప్రొక్లెయిన్, టిప్పర్ ఓనర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇదీ: ఇంజన్ లైట్ వెలిగితే స్కానర్ పెట్టండి, వచ్చిన ఫాల్ట్ కోడ్ ఏ సెన్సార్ పేరు చెప్తే అది మార్చేయండి, కంపెనీదే వాడండి, రెండు మూడు కోడ్లు ఒకేసారి పడితే ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్) పోయినట్టే, వైరింగ్ మీద డౌట్ ఉంటే మీటర్ బజర్‌లో పెట్టి చూడండి కూత వస్తే వైరు బాగున్నట్టే, లేదా టెస్ట్ ల్యాంప్ గుచ్చి చూడండి, సైట్‌లో అర్జెంట్ అయితే పది నిమిషాలు బ్యాటరీ పీకి పెడితే అన్నీ క్లియర్. కింద అందరూ దండాలు పెట్టేస్తున్నారు. కంపెనీ సెన్సారే వాడమన్న ముక్క కరెక్ట్, దాంతో నాకు పేచీ లేదు, మిగతాదంతా ఓనర్ జేబుకి చిల్లే.

ముందు కోడ్ సంగతి. ఎస్‌పీఎన్ అని ఒక నంబర్ (దేని గురించో చెప్పేది), పక్కనే ఎఫ్ఎంఐ అని ఇంకో నంబర్ (లోపం ఏ రకమో చెప్పేది) వస్తాయి కదా, మనోళ్లు మొదటిది చూసి రెండోది వదిలేస్తారు, అసలు కథంతా రెండోదాంట్లోనే ఉంది. ఎస్‌పీఎన్ 100 అంటే ఇంజన్ ఆయిల్ ప్రెజర్. పక్కన 3 ఉంటే సిగ్నల్ వోల్టేజ్ ఉండాల్సినదానికన్నా ఎక్కువుంది, 4 ఉంటే తక్కువుంది, ఇవి రెండూ కరెంటు సమస్యలు. అదే పక్కన 1 గానీ 17, 18 గానీ ఉంటే సెన్సార్ శుభ్రంగా పనిచేస్తోంది, నిజంగానే ఆయిల్ ప్రెజర్ పడిపోయిందని అర్థం. అప్పుడు కొత్త సెన్సార్ బిగించి బండిని పనికి తోలితే బేరింగులు పట్టేస్తాయి, క్రాంక్ పోతుంది. మెసేజ్ రాసినాయనకి ఈ తేడా తెలుసో లేదో గానీ చదివి ఫాలో అయ్యేవాడి ఇంజన్ మాత్రం పోద్ది.

సరే 3 గానీ 4 గానీ పడింది, అప్పుడైనా సెన్సార్ మార్చొచ్చా అంటే, ఆగండి, కోడ్ చెప్పేది ఆ సర్క్యూట్ గురించి, అంటే సెన్సార్, దాని కప్లర్ (వైరు తగిలించే ప్లగ్గు), వైరు, ఈసీఎం పిన్ను అన్నీ కలిపి, అందులో ఏది పోయిందో చెప్పదు. పైసా ఖర్చు లేని టెస్ట్ ఒకటుంది. కీ ఆఫ్ చేసి సెన్సార్ కప్లర్ పీకి మళ్లీ కీ ఆన్ చేయండి. చాలా ఇంజన్లలో 4 ఉన్నది 3 కి మారిపోతుంది, మారిందంటే వైరింగ్, ఈసీఎం రెండూ స్పందిస్తున్నాయి కాబట్టి అనుమానం సెన్సార్ మీదే. 4 అలాగే ఉండిపోయిందంటే వైరే ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోంది, ఇంక సెన్సార్ ఎన్ని మార్చినా అంతే. కొన్ని ఇంజన్లలో ఇది తిరగబడి ఉంటుంది, మాన్యువల్ ఓసారి చూసుకోండి. కప్లర్ ఎలాగూ పీకారు కదా, లోపల పిన్నులు వెనక్కి పోయాయా, పచ్చగా చిలుము పట్టిందా, రబ్బర్ సీల్ ఉందా చూడండి, చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లాంటి చోట దుమ్ము, నీళ్లు, ఊపుడు మూడూ కలిసి ముందు తినేది ఈ పిన్నుల్నే.

ఇప్పుడు "రెండు మూడు కోడ్లు ఒకేసారి పడితే ఈసీఎం". దీనివల్లే ఎక్కువ డబ్బులు పోతున్నాయి. ఈసీఎం నుంచి వచ్చే ఒకే 5 వోల్టుల లైన్‌ని రెండు మూడు సెన్సార్లు పంచుకుంటాయి, ఆయిల్ ప్రెజర్, బూస్ట్ ప్రెజర్, ఇంకోటేదో. వాటిలో ఒక్కటి లోపల షార్ట్ అయితే లైన్ మొత్తం కిందకి లాగేస్తుంది, పాపం మిగతావి బాగానే ఉన్నా వాటి కోడ్లు కూడా పడతాయి. మీటర్ ఆ 5 వోల్టుల పిన్ను మీద పెట్టి సెన్సార్లు ఒక్కొక్కటే పీకుతూ పోండి, ఏది పీకగానే 5 వోల్టులు తిరిగొచ్చిందో అదే దొంగ. అన్నీ పీకినా రాకపోతే వైరింగ్, అదీ కాదని తేలాకే ఈసీఎం. కమ్యూనికేషన్ కోడ్లు వస్తుంటే బ్యాటరీ కటాఫ్ చేసి, బండిలో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ హై, క్యాన్ లో వైర్ల మధ్య ఓమ్స్ చూడండి, రెండు చివర్లా 120 ఓమ్స్ రెసిస్టర్లుంటాయి కాబట్టి 60 దగ్గర చూపించాలి. 120 చూపిస్తే ఒక చివర రెసిస్టర్ గానీ దాని వైరు గానీ తెగిందన్నమాట.

బజర్ కూత విషయానికొస్తే, మీటర్ పంపే కరెంటు చాలా చాలా తక్కువ, వైరులో పోగులన్నీ తెగి ఒక్కటి మిగిలినా అది కుయ్యిమంటుంది. లోడ్ పడితే ఆ ఒక్క పోగు ఏం మోస్తుంది? పవర్ వైర్లయితే రెండు చివర్లూ విప్పేసి 24 వోల్టుల 21 వాట్ల బల్బు కట్టి చూడండి, దాదాపు ఒక ఆంపియర్ లాగుతుంది, బల్బు మసగ్గా వెలిగితే వైరు పోయినట్టే. ఇంజన్ ఎర్త్‌కి ఇంకా తేలిక, ఒకరు సెల్ఫ్ కొడుతుంటే బ్యాటరీ మైనస్ పోస్టుకీ ఇంజన్ బ్లాక్‌కీ మధ్య వోల్టేజ్ చూడండి, అర వోల్టు దాటిందంటే ఎర్త్ కేబుల్ సంగతి చూడాల్సిందే. సగం దయ్యం కంప్లైంట్లు, అదే, ఉదయం వచ్చి మధ్యాహ్నం పోయేవి, ఈ ఎర్త్ దగ్గరే తేలతాయి.

టెస్ట్ ల్యాంప్ గుచ్చడం ఒకప్పటి మెకానికల్ పంపు ఇంజన్లకి చెల్లింది, అప్పుడు ఇంజన్ మీద కరెంటుదంటే స్టాప్ సోలినాయిడ్, సెల్ఫ్, డైనమో, అంతే. 2021 ఏప్రిల్‌లో స్టేజ్ 4 కాలుష్య రూల్ వచ్చాక మన దగ్గర బ్యాక్‌హోలు కూడా ఈసీఎం నడిపే కామన్ రైల్ ఇంజన్లకి వెళ్లిపోయాయి. సెన్సార్ లైన్ మీద బల్బు పెడితే అది లాగే కరెంటుకి ఈసీఎం సర్క్యూటే దెబ్బతినొచ్చు, పైగా గుచ్చిన కన్నంలోంచి నీళ్లు దిగి లోపల రాగి కుళ్లిపోద్ది. రన్నింగ్‌లో ఇంజెక్టర్ వైర్లయితే అసలు ముట్టుకోకండి, చాలా ఇంజన్లలో అవి తెరుచుకునేటప్పుడు వందకి అటూ ఇటూ వోల్టులు పోతాయి.

బ్యాటరీ పీకడం సంగతి. ఫాల్ట్ అలాగే ఉంటే కీ తిప్పగానే కోడ్ మళ్లీ పడుతుంది, పాత కోడ్లు చాలా ఈసీఎంలలో పవర్ తీసినా చెరిగిపోవు. కీ ఆఫ్ చేశాక కూడా ఈసీఎం కాసేపు మెలకువగా ఉండి లెక్కలు దాచుకుంటుంది, డెఫ్ (పొగని శుభ్రం చేసే యూరియా ద్రవం) ఉన్న బండ్లలో పంపు యూరియాని లైన్లోంచి ట్యాంకులోకి లాగుతుంది. అది అవ్వకముందే కటాఫ్ తిప్పేస్తే యూరియా లైన్లోనే గడ్డకట్టి కొత్త కోడ్ తెచ్చిపెడుతుంది.

ఈసీఎంలు అసలు పోవా అంటే పోతాయి. నేను చూసినవాటిలో ఎక్కువ పోయింది బ్యాటరీ విప్పకుండా వెల్డింగ్ చేసినందుకు, తర్వాత జంప్ ఇచ్చేటప్పుడు ప్లస్ మైనస్ తిరగేసినందుకు. బకెట్ పళ్లు వెల్డింగ్ చేయించేముందు బ్యాటరీ మైనస్ విప్పండి, కుదిరితే ఈసీఎం కప్లర్లు కూడా, ఎర్త్ క్లాంప్ వెల్డింగ్ చేసే చోటికి ఆనుకునే పెట్టించండి, చాసిస్‌కో బూమ్‌కో ఎక్కడో దూరంగా తగిలిస్తే ఆ కరెంటు బేరింగులు, పిన్నులు, వైరింగ్ గుండా దారి వెతుక్కుంటుంది. ఇంత పెద్ద మెసేజ్‌లో ఈ ఒక్క ముక్క మాత్రం ఎక్కడా లేదు.