ఒక కాలు లోపల, ఒక కాలు బయట

శనివారం జరిగింది. ఇంకా మండుతూనే ఉంది కాబట్టి రాసేస్తున్నాను.

గుడివాడ నుంచి మా మామగారు అమెరికా వచ్చి నెలయింది. ఇంట్లో గోడలు చూసీ చూసీ విసిగిపోయారని రాత్రి బేస్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్ళాను. రెండో ఇన్నింగ్స్‌కే ఆయన ఆట సంగతి తేల్చేశారు. "ఇది మన బిళ్ళంగోడే, అల్లుడుగారూ. బిళ్ళ తీసేసి బంతి పెట్టారు, దానికో టికెట్ పెట్టారు."

మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఎనిమిదోది అయ్యేసరికి మా ఊరి జట్టు 2-5తో వెనకబడి ఉంది. ఆఫీసులో నా పక్క సీటాయన ముందే చెప్పాడు, "ఎనిమిదో ఇన్నింగ్స్ అవగానే లేచిపో, లేకపోతే పార్కింగ్‌లోనే తెల్లారుతుంది" అని. ఈ ఆటకి టైమైపోవడమంటూ ఉండదనీ, సొంతూరి జట్టుకి ఆఖరి బ్యాటింగ్ కాబట్టి చివరి ఔట్ పడేదాకా ఎన్ని పరుగులైనా రావచ్చనీ మాత్రం ఆ మహానుభావుడు చెప్పలేదు.

మామగారు బాత్రూమ్‌కి వెళ్ళొస్తానన్నారు. "గేటు దగ్గరుంటాను" అన్నాను. గేటు దగ్గరంటే లోపలా, బయటా? ఆ సందేహం నాకూ వచ్చి, సరిగ్గా మధ్యలో నిలబడ్డాను. ఎడమ కాలు బయట, కుడి కాలు లోపల.

అప్పుడు లేచింది మొదటి కేక. వెనక్కి తిరిగాను. గేటు కాసే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"నో రీఎంట్రీ."

"నేనసలు బయటికి వెళ్ళందే! చూడండి, కుడి కాలు లోపలే ఉంది."

ఆవిడ వంగి నా కాలు చూసింది. నేనూ చూశాను. వెనక ఉన్నాయన కూడా చూశాడు. రెండో కేక. లోపల ఆడేవాళ్ళకైతే బేస్‌కి, అంటే పరుగెత్తేవాడు ఆగే మూలకి, బొటనవేలు ఆనినా సేఫే. నాది తొమ్మిదో నంబరు బూటు, మొత్తం లోపలే ఉన్నా ఔట్! వాళ్ళకి అంపైర్ మీద అనుమానమొస్తే న్యూయార్క్‌లో కూర్చున్నవాళ్ళు వీడియో చూసి తీర్పు చెబుతారు. నాకొచ్చింది వాకీటాకీలో సూపర్‌వైజర్. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఏ కాలు?" మూడో కేక. "ఎడమ" అంది ఆవిడ. అవతల కాసేపు ఆలోచన. ఇంత దీర్ఘంగా ఆలోచించాల్సిన విషయమని ఆయనకి ఎవరు చెప్పారో!

ఈలోగా కాళ్ళ కింద నేల అదిరింది. ఆకాశంలో బాణసంచా.

"అయిపోయింది. ఇంక మీరు వెళ్ళొచ్చు" అంది ఆవిడ, మర్యాదగానే.

మామగారు మెరిసే కళ్ళతో వచ్చారు. బాత్రూమ్‌ నుంచి వస్తూ, జనం లేచి నిలబడ్డారేమిటా అని తొంగి చూశారట. "మూడు మూలల్లో ముగ్గురు నిలబడ్డారు, నాలుగోవాడు లేపాడు చూడండీ! నలుగురూ ఇంటికొచ్చేశారు. 6-5! మీరెక్కణ్ణుంచి చూశారు?"

ఆ రాత్రి నిద్రపట్టక యూట్యూబ్ చూశాను. 1988 వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ ఫైనల్స్), మొదటి మ్యాచ్, తొమ్మిదో ఇన్నింగ్స్, అప్పటికే ఇద్దరు ఔట్. రెండు కాళ్ళూ దెబ్బతిన్న కిర్క్ గిబ్సన్ కుంటుకుంటూ వచ్చి, డెనిస్ ఎకర్స్‌లీ బంతిని ప్రేక్షకుల్లోకి కొట్టి తన జట్టు డాడ్జర్స్‌ని 5-4తో గెలిపించాడు. ఆ వీడియోలో బంతి పడేచోటికి వెనక, పార్కింగ్‌లో ఒక కారు బ్రేక్ లైట్లు ఎర్రగా కనిపిస్తాయి. ఎవరో ముందే బయల్దేరాడు పాపం. అతని ఆఫీసులోనూ ఒక పక్క సీటాయన ఉండే ఉంటాడు.

ఇంతా చేసి మేం పార్కింగ్ దాటడానికి గంటంబావు పట్టింది. ముందంతా బ్రేక్ లైట్లే. గుడివాడలో అప్పటికి ఆదివారం ఉదయం. మామగారు వీడియో కాల్‌లో బావమరిదికి నాలుగోసారి మొత్తం కథ చెబుతున్నారు.

"అల్లుడుగారా? ఆయన చూళ్ళేదురా. గేటు దగ్గర ఎవరికో కాలు చూపిస్తున్నారు."