సింగిల్ స్పీడు పంపు గారికి వీడ్కోలు లేఖ

ఫ్రిస్కో, టెక్సాస్

మహారాజశ్రీ స్విమ్మింగ్ పూల్ పంపు గారి దివ్యసముఖమునకు,

పెరట్లో కంచె పక్కన సిమెంటు దిమ్మె మీద కూర్చుని తమరు చేస్తున్న రొద వంటింట్లోకి వినబడుతోంది కాబట్టి కులాసా అనే అనుకుంటున్నాం. మా కులాసా కరెంటు బిల్లు వచ్చాక తెలుస్తుంది.

ఈ ఇంట్లో పూల్‌ని నిజంగా అనుభవిస్తున్నది మీరొక్కరే. పిల్లలకి ఏప్రిల్‌లో నీళ్లు చల్లన, ఆగస్టులో వేడి. మా ఆవిడ జుట్టుకి క్లోరిన్ పడదు. మీరు మాత్రం రోజూ 8 గంటలు, 75,000 లీటర్లు మింగి, ఫిల్టర్‌లోంచి తోసి, మళ్లీ అందులోనే కక్కుతారు. అల్లుడికైనా పండక్కే మర్యాదలు. మీకేమో వారం వారం మూత విప్పి, బుట్టలో ఓక్ ఆకులు ఏరి, మూత కింది రబ్బరు ఓ-రింగుకి గ్రీజు రాసి, బకెట్టెడు నీళ్లు పొయ్యాలి. ఆ రింగు మీద ఒక్క ఇసక రేణువు ఉన్నా, నీళ్లకి బదులు గాలి లాగి గురక మొదలు.

మొన్న నరసరావుపేట నుంచి నాన్న వచ్చినప్పుడు మీకు జరిగిన అవమానం గుర్తుందిగా? "మోటారు ఆపడం మర్చిపోయార్రా" అంటూ వెళ్లి కట్టేసేవారు.

"నీళ్లు ఎటు పోతున్నాయి?"

"ఎటూ పోవు నాన్నా. తిరిగి ఇందులోకే."

కాసేపు చూశారు. "దీనికి బిల్లెవరు కడుతున్నారు?"

2004 నుంచి ఉచిత కరెంటుతో బోరు నడుపుతున్న రైతు అడగాల్సిన ప్రశ్నేనా అది!

మీ అసలు జబ్బు ఒకటే స్పీడు. నిమిషానికి 3,450 చుట్లు, లేదంటే సున్నా. చుట్లు సగానికి తగ్గిస్తే నీళ్లు సగం వస్తాయి, కరెంటు మాత్రం ఎనిమిదో వంతు చాలు. గంటకి 2 యూనిట్ల చొప్పున 8 గంటలకి మీరు 16 తింటారు. సగం స్పీడులో 16 గంటలు తీరిగ్గా తిరిగితే అవే నీళ్లకి 4 యూనిట్లు. ఇది కాగితం లెక్క, నిజంలో కాస్త అటూ ఇటూ అవుతుందనుకోండి. అయినా అమెరికా ఇంధన శాఖకి ఈ లెక్క నచ్చింది. 2021 జులై 19 నుంచి పెట్టిన సామర్థ్య నిబంధనలతో మీ సైజు సింగిల్ స్పీడు వంశం కొత్తగా పుట్టడం దాదాపు ఆగిపోయింది.

మీ వారసుడు, స్పీడు మార్చుకోగల వేరియబుల్ స్పీడు గారు శనివారం వస్తున్నారు. ధర వెయ్యి డాలర్ల పైమాటే. ఆయనా తక్కువ తినలేదు: రాగానే వైఫై పాస్‌వర్డ్ అడుగుతాట్ట. మరీ నెమ్మదిగా తిరిగితే నీటిపైన తేలే చెత్తని లాగే స్కిమ్మర్ ఆకుల్ని లాగదు, ఉప్పు నుంచి క్లోరిన్ తీసే యంత్రం "నీళ్లు రావట్లేదు" అని అలుగుతుంది. అందుకని రోజూ రెండు గంటలు ఆయన కూడా మీలాగే పరిగెత్తక తప్పదు. రొద మాత్రం తగ్గుతుందట. పక్కింటివాళ్లు ఇప్పటికే సంతోషంగా ఉన్నారు.

మిమ్మల్ని పారెయ్యడం నాన్నకి ఇష్టం లేదు. "ఊరికి పంపరా, చేల్లో పెడదాం" అంటున్నారు. వెళ్లిరండి. సెకనుకి 60 సార్లు ఊగే ఇక్కడి కరెంటుకి (60 హెర్ట్జ్) అలవాటు పడ్డ ప్రాణం, అక్కడి 50 హెర్ట్జ్‌లో ఒళ్లు వేడెక్కచ్చు. కానీ ఆ ఊపుని బట్టే మోటారు స్పీడు కాబట్టి మీ 3,450 చుట్లు 2,875 దగ్గర ఆగుతాయి. ఇన్నేళ్లకి తమరికీ రెండో స్పీడు!

ఇట్లు,
బిల్లు కట్టేవాడు