‘ఒక్క కేసేనా?’ అని అడిగేవాళ్ళకి

సోషల్ రీసెర్చ్‌లో ఎవరైనా కేస్ స్టడీ, అంటే ఒక్క ఘటననో ఒక్క ఆఫీసునో పట్టుకుని లోతుగా తవ్వే పని, చేశానని చెప్పగానే వచ్చే మొదటి ప్రశ్న శాంపిల్ ఎంత, అంటే ఎన్నింటిని చూశావు అని. ఒక్కటే అంటే అడిగినాయన మొహంలో జాలి, పాపం సర్వే చేయడానికి టైమో డబ్బో లేక దీంతో సరిపెట్టుకున్నాడు అన్నట్టు. ఆ జాలి చూసీ చూసీ విసుగొచ్చింది కాబట్టి సూటిగానే చెప్తా. ఒకటి ఎలా జరిగింది, ఎందుకు జరిగింది అన్నది తెలియాలంటే వెయ్యి మంది టిక్కులు పెట్టిన ఫారాల కంటే ఒక్క కేసుని ఏళ్ళ తరబడి తవ్విన పనే నయం.

అలాగని దీన్ని మనవాళ్ళు వెనకేసుకొచ్చే తీరు కూడా నాకు నచ్చదు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదా అంటారు. చాలదు. గిన్నెలో మెతుకులన్నీ ఒకే నీళ్ళలో ఒకే మంట మీద ఉడుకుతాయి కాబట్టి అక్కడ ఆ లెక్క కుదురుతుంది, మనుషులూ ఆఫీసులూ అలా ఉండరు. ఒక స్కూల్ చూసొచ్చి స్కూళ్ళన్నీ ఇంతే అంటే అది ఉత్త కబుర్లు. కేసులోంచి బయటికి తీసుకెళ్ళాల్సింది పర్సంటేజీ కాదు, ఏది దేనికి దారితీసిందో చెప్పే వివరణ, అది ఇంకోచోట నిలబడుతుందో లేదో ఆ ఇంకోచోటే తేలాలి.

1986 జనవరి 28న నాసా వాళ్ళ స్పేస్ షటిల్ చాలెంజర్ గాల్లోనే ముక్కలై ఏడుగురు చనిపోయిన సంగతి తెలిసిందే. బూస్టర్ రాకెట్ల జాయింట్లలో సీలుగా వాడే రబ్బరు ఓ-రింగులు, ఆ చలి, ముందురోజు రాత్రి ఇంజనీర్లు ప్రయోగం వద్దన్నా మేనేజర్లు కానివ్వండి అనడం, ఇంకేముంది, విలన్లు రెడీ. సోషియాలజిస్ట్ డయాన్ వాన్ కూడా మొదట ఇలాంటి అనుమానంతోనే దిగారు, షెడ్యూల్ ఒత్తిడికి రూల్స్ తొక్కేశారని. ఏళ్ళ తరబడి కాగితాలు తిరగేశాక 1996లో పుస్తకం వచ్చేసరికి ఆ అనుమానం తిరగబడింది. వాళ్ళు రూల్స్ ప్రకారమే నడిచారు, అసలు సమస్యే అది అన్నారావిడ. ఓ-రింగు అరుగుతోందని 1981లో షటిల్ రెండో ఫ్లైట్‌లోనే, చాలెంజర్ ఇంకా ఎగరకముందే, కనబడింది, చూశారు, లెక్కలేశారు, ఈమాత్రం పర్లేదని రాసుకున్నారు, మళ్ళీ అరిగింది, మళ్ళీ లెక్కలు, మళ్ళీ పర్లేదు, అలా పర్లేదు అన్న గీత జరుగుతూ జరుగుతూ పోయింది. ఆవిడ దీనికి నార్మలైజేషన్ ఆఫ్ డీవియెన్స్ అని పేరు పెట్టారు, అంటే తేడా కాస్తా మామూలైపోవడం.

ఇప్పుడు అదే నాసా ఆఫీసులో సర్వే పెట్టారనుకోండి. షెడ్యూల్ ఒత్తిడి ఉందా, అవును, కాదు. ఏ ఆఫీసులోనైనా ఒత్తిడి లేదనేవాళ్ళు ఎంతమంది దొరుకుతారు? అక్కడితో మొదటి అనుమానమే నిజమైపోయేది, టేబుల్ వేసి పేపర్ రాసేసేవాళ్ళు. ఫారంలో మనకి ముందే తోచినవే ఉంటాయి, తోచనిది చెప్పడానికి అవతలివాడికి గడి ఉండదు. కేసులో అలా కాదు, పాత మెమో ఒకటి బయటపడి మన థియరీ పీక పట్టుకుంటుంది. నాకు కేస్ స్టడీ మీద ఇష్టం ఇందుకే, కథలా చదువుకోవచ్చని కాదు.

2003 ఫిబ్రవరి 1న ఇంకో షటిల్ కొలంబియా కూలింది, మళ్ళీ ఏడుగురు. ఈసారి ఓ-రింగు కాదు, ఇంధనం ట్యాంకు మీంచి ఊడిపడే ఫోమ్. ఏళ్ళుగా ఊడుతూనే ఉంది, ఏళ్ళుగా అది మామూలే అనుకుంటూనే ఉన్నారు. దర్యాప్తు బోర్డు డయాన్ వాన్‌ని పిలిచి సాక్ష్యం తీసుకుంది, రిపోర్టు రాయడంలోనూ ఆవిడ పాలుపంచుకున్నారు. ఒక్క కేసు నుంచి జనరలైజ్ చేయలేం అన్నవాళ్ళకి ఇంకేం చూపించాలి?

అవతలి వాదనా బలమైనదే. చాలెంజర్ ఎగిరే ముందురోజు రాత్రి ఓ-రింగులు దెబ్బతిన్న ఫ్లైట్లనే చూశారు, దెబ్బతినని వాటిని కూడా కలిపి టెంపరేచర్‌కి ఎదురుగా చార్ట్ వేసి ఉంటే చలికీ డ్యామేజీకీ లింకు కొట్టొచ్చినట్టు కనబడేది, లెక్కలు చాలేవి కదా అంటారు. ఒప్పుకుంటా. మరి ఆ చార్టు వేయాలని ఆ గదిలో ఎవరికీ ఎందుకు తోచలేదు? దీనికి జవాబు ఏ చార్టులోనూ లేదు.

ప్రయోగ పద్ధతులకి పెద్ద దిక్కైన డోనాల్డ్ క్యాంప్‌బెల్ 1963లో తోటి రచయిత స్టాన్లీతో కలిసి, ఒక్క కేసుని ఒక్కసారి చూడ్డానికి శాస్త్రీయ విలువ దాదాపు లేదని రాశాడు. 1975లో ఆయనే వెనక్కి తగ్గాడు. థియరీ ఒకటే అయినా అది కేసులో పది చోట్ల పది రకాల ఆనవాళ్ళు ఉండాలంటుంది, ఆ పదింటిలో ఎక్కడైనా తప్పని తేలొచ్చు, అంటే పరీక్ష పది సార్లు జరిగినట్టే అన్నది ఆయన వాదన. మొదటి మాట పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది, రెండోది చదివినవాళ్ళు తక్కువ. ఇందులో కేస్ స్టడీ పేరు చెప్పుకునేవాళ్ళ తప్పూ ఉంది లెండి, నాలుగు ఇంటర్వ్యూలు చేసి తమ మాటకి సరిపడే కోట్‌లు ఏరుకుని అతికిస్తే విన్నవాడికి జాలి కాక ఇంకేం కలుగుతుంది. థీసిస్ మీద జరిగే వైవాలో అడగాల్సింది శాంపిల్ ఎంత అని కాదు, నీ మొదటి అనుమానం ఎక్కడ దెబ్బతింది అని. జవాబు లేకపోతే అప్పుడు వాయించండి, నేనూ మీతో వస్తా.

అసలు నా గోల యూనివర్సిటీలతో ఆగదు. ఇప్పుడు ప్రతి ఆఫీసులో, ప్రతి స్కీముకీ డ్యాష్‌బోర్డు, అంకెల్ని రంగుల్లో చూపించే తెర, పచ్చగా ఉంటే అంతా బాగున్నట్టు. చాలెంజర్ ఆఖరి ప్రయాణానికి ముందు షటిల్ ఫ్లైట్లు 24, అన్నీ క్షేమంగా దిగాయి. ఆ రోజు డ్యాష్‌బోర్డు ఉండుంటే కొసదాకా పచ్చగానే ఉండేది. డ్యాష్‌బోర్డు కట్టే కంపెనీకి టెండర్ ఇట్టే ఓకే అవుతుంది, ఒకే ఒక్క ఆఫీసులో ఏడాది కూర్చుని లోపల ఏం మామూలైపోయిందో చూసొస్తానన్న మనిషికి మాత్రం శాంపిల్ చాలదని ఫైలు తిప్పి పంపిస్తారు.